పొట్లంలో చేప



చేప అనగానే మనకు తోచేవి పులుసు, వేపుడు, ఇగురు. కాగితంలో చుట్టి వండుతారంటే వింతగానే ఉంటుంది. ఫ్రెంచివాళ్ళు ఈ పద్ధతిని 'పాపియోత్' అంటారు. జుట్టు ఉంగరాలు తిరగడానికి చుట్టుకునే కాగితపు ముక్కకు మొదట ఉన్న పేరది. వంటింట్లోకి తర్వాత చేరింది. 1954 దాకా ఫ్రెంచి ఏలుబడి చూసిన యానాంలో పెద్దవాళ్ళకు ఇలాంటి మాటల ఉచ్చారణ కొత్త కాదు. అక్కడి గోదావరి పులస మాత్రం చింతపండు పులుసునే నమ్ముకుంది. అదే దానికి న్యాయం కూడాను!

మొదట్లో వంటవాళ్ళు మామూలు కాగితానికే వెన్నో నూనో రాసి చుట్టేవారు. ఇప్పుడు వాడే పార్చ్‌మెంటు కాగితం అంత పాతది కాదు. అసలు పార్చ్‌మెంటు అంటే గీకి, సాగదీసి, ఆరబెట్టిన మేక, గొర్రె, దూడ చర్మం. దాని మీద గ్రంథాలు రాసేవారు. 1840లలో ఫ్రాన్సులో పుమారేడ్, ఫిగియే అనే ఇద్దరు కాగితాన్ని గంధకామ్లంలో క్షణకాలం ముంచి, వెంటనే కడిగి చూశారు. కాగితం పైపొర పీచు కరిగినట్టయి సందులు పూడిపోయాయి. అది తడికి చిరగదు, జిడ్డు పీల్చదు. చర్మాన్ని పోలి ఉంది గనుక చర్మం పేరే దానికి వచ్చింది. నేటి కాగితానికి సిలికాన్ పూత కూడా ఉంటుంది, అందుకే చేప అంటుకోదు.

అయితే పొట్లం కట్టి వండడం ఫ్రెంచివాళ్ళ సొత్తేమీ కాదు. కాగితం లేని చోట ఆకు ఉంది. బరంపురం, గంజాం వైపు మన తెలుగువారికి ఒడియా పొరుగువాళ్ళ 'పత్ర పొడా' తెలిసిందే: చేపకు ఆవముద్ద, పసుపు, ఉప్పు పట్టించి, ఆకులో చుట్టి నిప్పుల మీద కాల్చడం. బొంబాయి పార్సీలు చందువ చేపకు కొత్తిమీర, కొబ్బరి పచ్చడి పూసి, అరటాకులో కట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. మన కోనసీమలో పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి పొట్టిక్కలు వండుతారు. అందులో చేప లేదు గాని కిటుకు ఒకటే. ఆయుర్వేదంలో పుటపాకం ఇంకా పాతది: మూలికల ముద్దను మర్రి, నేరేడు వంటి ఆకుల్లో చుట్టి, పైన మట్టి మెత్తి, నిప్పుల్లో కాల్చి రసం పిండేవారు.

ఇందులో పని చేసేది చేపలోని నీరే. అది ఆవిరై పొట్లంలోనే తిరుగుతుంది. నీరున్నంతసేపు లోపలి వేడి 100 డిగ్రీలను పెద్దగా దాటదు. అందుకే చేప మాడదు, ఎండిపోదు, నూనె చుక్కతో సరిపోతుంది. ఆకయితే తన వాసన కూడా కొంత ఇస్తుంది. నన్నడిగితే కాగితం కంటే ఆకుకే ఓటు.

ఇక్కడొక జాగ్రత్త మనవి చేయాలి. పార్చ్‌మెంటు దొరకలేదని పాత వార్తాపత్రికలో చుట్టకండి. అచ్చు సిరాలోని రసాయనాలు ఆహారంలోకి దిగుతాయి. పత్రికల్లో తినుబండారాలు కట్టవద్దని ఆహార భద్రతా సంస్థ 2016లో దేశమంతటికీ హెచ్చరిక చేసింది. మైనపు కాగితమూ పనికిరాదు, వేడికి మైనం కరుగుతుంది.

ఇంట్లో చేసుకోవాలంటే చందువ గాని, ముళ్ళు తీసిన పండుగప్ప ముక్క గాని మంచిది. అంగుళం మందం ముక్కకు ఉప్పు, పసుపు, అల్లం, పచ్చిమిర్చి, నిమ్మరసం పట్టించి, అంచులు గట్టిగా మడిచి, 200 డిగ్రీల ఓవెన్‌లో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉంచితే చాలు. ఓవెన్ లేనివారు అరటాకును ముందు మంట మీద వాడ్చి మెత్తబరచాలి, లేకపోతే మడతల దగ్గర చీలుతుంది. దానిలో కట్టి, పెనం మీద మూతపెట్టి, సన్నని సెగన రెండువైపులా కాల్చండి. కాగితాన్ని మాత్రం నేరుగా మంట మీద పెట్టకూడదు. పొట్లం విప్పేటప్పుడు ముఖం కాస్త దూరంగా ఉంచుకోండి, ఆవిరి ఒక్కసారిగా ఎగదన్నుతుంది.