దరఖాస్తు దాకా రానివాళ్లు

రిజర్వేషన్ల చరిత్ర రాసేవాళ్లు సీట్ల లెక్కతో మొదలుపెడతారు. ఎన్ని ఇచ్చారు, ఎన్ని నిండినయ్, ఎన్ని మిగిలినయ్. అసలు దరఖాస్తు ఫారం ఎవరి చేతికి చేరిందన్నది ఎవరికీ పట్టదు. 'అర్హులైన ఎస్సీ అభ్యర్థులు దొరకలేదు' అని ఫైలు మూసేసేది ఇక్కడే.

1951 నాటి చంపకం దొరైరాజన్ కేసు మనకు తెలిసిందే. అప్పటికి కోస్తా, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. కమ్యూనల్ జీవో కింద ప్రతి 14 సీట్లలో 6 బ్రాహ్మణేతర హిందువులకు, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, 'హరిజనుల'కు (సర్కారు వాడిన మాటే) 2, ముస్లింలకు 1, ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి 1. సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. దాంతో అదే ఏడాది మొదటి రాజ్యాంగ సవరణ చేసి 15(4) తెచ్చారు. ఇంతవరకు అందరూ చెప్పేదే. తీర్పులోనే ఇంకో సంగతుంది. చంపకం మెడికల్ కాలేజీకి దరఖాస్తే పెట్టలేదు! వాకబు చేస్తే బ్రాహ్మణ కులం కాబట్టి సీటు రాదని తెలిసిందట. అయినా పిటిషన్ చెల్లింది. గెలిస్తే ఇవ్వడానికి ఒక సీటు అట్టేపెడతామని రాష్ట్రం ఒప్పుకుంది కూడా.

ఎక్కడ వాకబు చెయ్యాలో, ఎవర్ని అడగాలో తెలియడం ఉత్తపుణ్యానికి రాదు. ఇంటినుంచి రావాలి, లేదా బడినుంచి రావాలి. మాల, మాదిగ వాడల పిల్లలూ దరఖాస్తు పెట్టలేదు. వాళ్ల తరఫున ఏ కోర్టులో ఏ పిటిషన్ పడింది?

1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వచ్చింది. జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి సంక్షేమ హాస్టల్లో తిన్నవాడికి ఆ పేరు చెప్పేదెవరు? హాస్టల్ తిండి పెట్టింది, స్కూలు టీసీ చేతికిచ్చింది. ఆ తర్వాత ఎటు పోవాలన్నది రెండింటి పనీ కాకుండా పోయింది. సాంఘిక సంక్షేమ గురుకులాలకు 1987లో సొసైటీ ఏర్పడ్డాక కొంత మారింది గానీ, వాటిలో సీటు దొరకని పిల్లలే ఎక్కువ. నా మటుకు నాకు ఆ ఫారం ఒక సీనియర్ అన్న సంచిలో వచ్చింది. డీడీ తియ్యడం కూడా ఆయనే నేర్పాడు. అట్లాంటి అన్న లేని ఊళ్ల సంగతేంటి?

జేఎన్‌యూ వెనుకబడిన జిల్లాల్లో చదివినవాళ్లకు అదనపు మార్కులు కలిపేది. 1983లో తీసేసి, 1990వ దశకంలో మళ్లీ తెచ్చింది. మంచి పద్ధతే, కాదనను. అయితే ఆ మార్కులు ఢిల్లీదాకా ఫారం పంపినవాడికే.

జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులోనూ పెడుతున్నారు. అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే. డిగ్రీ ప్రవేశాలకు 2022లో వచ్చిన సీయూఈటీలో తెలుగుంది. ఫారం ఇప్పుడు ఆన్‌లైన్. ఈమెయిలు, ఓటీపీ, కులం సర్టిఫికెట్, ఫీజు. మా ఊరి పిల్లలకు అదంతా మండలంలోని నెట్ సెంటరతనే నింపుతున్నాడు. ఏ యూనివర్సిటీ, ఏ కోర్సు పెట్టాలో కూడా అతనే చెప్తున్నాడు.