తేలియా రుమాలు – మాఱిన మోజులు

మనలో పెద్దలు కొందఱు నేటి యువజనుల వేషములను జూచి నొసలు చిట్లింతురు. మే మట్లు చేయజాలము. మాఱెడు మోజులే నేతగాని కూడు గదా!

చీరాలయందు మన నేతవారు నూలును ఆముదపు కాయల తొక్కల బూడిదతోను, నూనెతోను పలుదినములు పదును పెట్టి, పోగులను కట్టి రంగులద్ది, ఎఱుపు నలుపు తెలుపులలో తేలియా రుమాళ్లను నేసిరి. నూనె వాసన వీడని యీ గుడ్డ తలకు చల్లదన మిచ్చునని అరబ్బు దేశములవారు తలపాగగా చుట్టుకొనిరి. ఇచ్చటి జాలరులు దానినే లుంగీగా కట్టిరి. 20వ శతాబ్దమున గడులలో గడియారములు, విమానములు సైతము వెలసినవి. విమానమెక్కని నేతగాడు దానిని పోగులలో నిలిపెను! కట్టులో లెక్క తప్పిన రెక్క వంకరపోవును. నేసిన పిదప దిద్దుటకు వీలులేదు.

విదేశపు బేరము సన్నగిల్లగా చీరాల మగ్గములు పెక్కు ఈ పనిని విడిచినవి. నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని పుట్టపాకవారు మాత్రము రుమాలు కొలతను దాటి చీరలు, ఓణీలు నేసి నూతనాభిరుచి నందుకొనిరి. అచ్చటి గజం గోవర్ధనగారికి 2011లోను, గజం అంజయ్యగారికి 2013లోను పద్మశ్రీ లభించెను. 2020లో పుట్టపాక తేలియా రుమాలునకు భౌగోళిక గుర్తింపు వచ్చెను.

చీరాలలో నా పని నెఱిగిన చేతులు నేడు మిగుల కొలది. తాతలనాటి రుమాలు పెట్టెలో గల సోదరులు వచ్చు సభకు దానిని తేవలయునని మా ప్రార్థన. పిల్లలు ఆ నూనె వాసన నొకమాఱు చూతురు.