బ్యాంకు అప్పుల లెక్క: కాపలా కోసం పుట్టి, కొలబద్దగా మారి

పక్షానికోసారి ఆర్థిక పేజీలో ఓ చిన్న వార్త పడుతుంది: ఆహారేతర రుణాలు నిరుటితో పోలిస్తే ఇంత శాతం పెరిగాయని. దాన్నిబట్టి వ్యాపారాలు ఊపందుకున్నాయో, చతికిలబడ్డాయో మార్కెట్ పండితులు తేల్చేస్తారు. కానీ ఆ అంకె పుట్టిందే బ్యాంకుల మీద కాపలాకి.

1934 నాటి రిజర్వ్ బ్యాంకు చట్టంలో 42వ సెక్షన్ దాని పుట్టిల్లు. 1935 ఏప్రిల్ 1న రిజర్వ్ బ్యాంకు పని మొదలుపెట్టింది. రెండో షెడ్యూల్లో పేరున్న బ్యాంకులు, అడగ్గానే ఇవ్వాల్సిన సొమ్ములో 5 శాతం, గడువు డిపాజిట్లలో 2 శాతం దాని దగ్గర ఉంచాలన్నారు. ఉంచారో లేదో తెలియాలంటే లెక్క కావాలి కదా! వారం వారం బాధ్యతగల అధికారులు సంతకం పెట్టిన పట్టిక పంపాలన్నారు. పంపకపోతే జరిమానా. అందులో డిపాజిట్లు, చేతిలోని నగదుతోపాటు ఇచ్చిన అప్పులూ, డిస్కౌంట్ చేసిన బిల్లులూ రాయాలి. ఈనాడు అందరూ ఎదురుచూసే అంకె ఆ పక్క గడిలోదే. వారం లెక్క తర్వాత పక్షం లెక్కయింది.

చాలాకాలం ఆ గడిలో కనబడింది పంటల క్యాలెండరే. ఖరీఫ్ సరుకు మార్కెట్‌కు రాగానే వడ్లు, పత్తి, వేరుశనగ, జనపనార కొనే వ్యాపారులు బ్యాంకుల ముందు బారులు తీరేవారు. ఏప్రిల్ దాకా అదే హడావిడి. మే నుంచి సరుకు అమ్ముడై అప్పు తిరిగొచ్చేది. మొదటిది బిజీ సీజన్, రెండోది స్లాక్ సీజన్. రిజర్వ్ బ్యాంకు రుణ విధానం కూడా ఈ రెండు పేర్లతోనే ఏడాదికి రెండుసార్లు వెలువడేది. బిజీ సీజన్‌లో డబ్బు కటకట తీర్చడానికే 1952 జనవరిలో బిల్ మార్కెట్ పథకం పెట్టారు. కాబట్టి నవంబరు అప్పును జూన్ అప్పుతో పోల్చి ఏమీ చెప్పలేం. ఏడాది కిందటి అదే సమయంతో పోల్చాలి.

1965లో సర్కారు తరఫున ధాన్యం కొనే భారత ఆహార సంస్థ వచ్చాక ఇంకో చిక్కు. సర్కారు ధాన్యం కొన్నప్పుడల్లా బ్యాంకుల అప్పు ఒక్కసారిగా ఉబ్బేది. దాన్ని తీసేసి మిగిలినదాన్ని చూడటం అలవాటైంది. ‘ఆహారేతర’ అన్న మాట అందుకే.

ఇంత శుద్ధి చేసినా ఈ అంకెను కళ్లు మూసుకుని నమ్మకూడదంటాను. అది కొత్తగా ఇచ్చిన అప్పు కాదు, బాకీ నిల్వలో తేడా. బ్యాంకు మొండి బకాయిని ఖాతాలోంచి కొట్టేస్తే, ఎవరూ పైసా కట్టకుండానే నిల్వ తగ్గుతుంది. సరుకు అమ్ముడుపోక గోదాములో మూలిగినా నిల్వ పెరుగుతుంది. అమెరికాలో వ్యాపార రుణాలను ఆర్థిక గతికి వెనకబడి నడిచే సూచీల్లో చేర్చింది ఇలాంటి కారణాల వల్లే. 2020 మార్చిలో కరోనా భయంతో అక్కడి కంపెనీలు మంజూరై ఉన్న రుణాలను ఎగబడి వాడుకున్నాయి. దుకాణాలు మూతపడుతుంటే వ్యాపార రుణాల గీత నిటారుగా లేచింది!

మన దగ్గర 2016-17లో బ్యాంకు రుణాల వృద్ధి 5 శాతం దరిదాపులకు పడిపోయింది; దశాబ్దాల్లో అంత తక్కువ లేదు. పెద్దనోట్ల రద్దును చాలామంది వేలెత్తి చూపారు గానీ, అప్పటికే కంపెనీలు అప్పుల్లో, బ్యాంకులు మొండి బకాయిల్లో కూరుకుపోయి ఉన్నాయి. తర్వాత వృద్ధి మళ్లీ పుంజుకున్నా అప్పు చేసేవాడు మారాడు. ఇల్లు, కారు, బంగారం, క్రెడిట్ కార్డు కలిసిన వ్యక్తిగత రుణాలు పరిశ్రమల రుణాలను దాటిపోయాయి. 2023 జూలైలో ఇళ్ల అప్పుల సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ తన బ్యాంకులో విలీనమైనప్పుడు, అప్పటికే ఉన్న ఇళ్ల అప్పులు బ్యాంకుల లెక్కలోకి వచ్చి వృద్ధి శాతం అమాంతం పెరిగింది. అందుకే విలీనంతో ఒకటి, విలీనం లేకుండా ఒకటి, రెండు అంకెలు ఇవ్వాల్సొచ్చింది.

2025లో చట్టం మరోసారి మారింది. శుక్రవారం విడిచి శుక్రవారం ముగిసే పక్షం బదులు, నెలలో 15వ తేదీ ఒకటి, ఆఖరు రోజు ఒకటి లెక్కకు గడువులయ్యాయి. నిరుటి శుక్రవారం పక్కన ఈ నెలాఖరును పెట్టి శాతం తీసేవాళ్లకు కొన్నాళ్లు తలనొప్పి తప్పదు.