ఎక్స్‌ప్రెస్ కాఫీ కథ



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని సంపాదకులు అడిగారు. పే స్కేళ్ళ చరిత్ర మనందరికీ కంఠతా వచ్చు. కనుక కాఫీ చరిత్ర రాస్తున్నాను. ఇందులో నేను సరిదిద్దుకోవలసిన మాట కూడా ఒకటుంది.

1980లలో, 90లలో మన పెళ్ళిళ్ళలో 'ఎక్స్‌ప్రెస్ కాఫీ' బల్ల గుర్తుందా? ఇన్‌స్టెంట్ పొడి, పంచదార, పాలు కలిపి, అందులో గొట్టం ముంచి బుస్సుమని ఆవిరి వదిలితే నురగ పొంగేది. పైన చిటికెడు కోకో పొడి. మగపెళ్ళివారు రెండోసారి కూడా అడిగి తాగేవారు. ఎస్ప్రెస్సో అంటే అదేనని డెబ్బై ఏళ్ళు వచ్చేదాకా నమ్మాను.

రెండేళ్ళ క్రితం విశాఖపట్నంలో మా మనుమరాలు పనిచేసే కాఫీ షాపుకు వెళ్ళి ఎస్ప్రెస్సో అడిగాను. చిన్న కప్పులో రెండు గుక్కల నల్లటి కాఫీ తెచ్చింది.

"ఏమిటమ్మా, ఉద్ధరిణెడు తీర్థంలా?" అన్నాను.

"అసలుది ఇదే తాతయ్యా" అంది.

నమ్మలేదు. ఇంటికొచ్చి చదివాను. పిల్ల చెప్పిందే నిజం.

ఎస్ప్రెస్సో పుట్టిల్లు ఇటలీ. 1884లో తురిన్ నగరంలో ఆంజెలో మొరియొండో అనే ఆయన ఆవిరి సాయంతో కాఫీ దించే యంత్రానికి పేటెంటు పొందాడు. అది ఒకేసారి ఎక్కువ కాఫీ దించేది. ఒక్కొక్కరికి అప్పటికప్పుడు ఒక్కొక్క కప్పు దించే పద్ధతికి 1901లో మిలాన్‌లో లుయీజీ బెజ్జెరా పేటెంటు తీసుకున్నాడు. ఆ హక్కులను దెసిదేరియో పావోని కొని, 1905 నుంచి యంత్రాలు తయారు చేయించాడు. వాటితో వచ్చిన చిక్కేమిటంటే, నీటిని నెట్టేది ఆవిరే. వేడి ఎక్కువ, ఒత్తిడి తక్కువ. కాఫీకి మాడు రుచి వచ్చేది.

దీనికి మందు కనిపెట్టినవాడు ఆకిలే గాజ్జా. 1938లో పేటెంటు, యుద్ధం ముగిశాక 1948లో యంత్రం. చేతి మీట, దానికి స్ప్రింగు. ఆవిరి లేకుండా, వాతావరణ పీడనానికి సుమారు 9 రెట్ల ఒత్తిడితో వేడినీటిని పొడిగుండా నెట్టాడు. కాఫీ మీద తేనెరంగు మీగడ తేలింది. దాన్నే 'క్రేమా' అంటారు.

అంటే, కాఫీ దించే పనిలోంచి ఆవిరిని తప్పించడానికి వాళ్ళకు 64 ఏళ్ళు పట్టింది. మనమేమో పాలు నురగెత్తించే ఆవిరి గొట్టాన్ని ఉంచుకుని ఎస్ప్రెస్సోనే తప్పించేశాం! (ఆ పెళ్ళికాఫీ ఇప్పుడిచ్చినా నేను వద్దనను. అది వేరే సంగతి.)

ఆ షాపులో 'హౌస్ కాఫీ' కూడా ఉంది. మన ఇత్తడి ఫిల్టరు డికాక్షనే. అందులో నీటిని ఎవరూ నెట్టరు, తన బరువుతో తానే బొట్టుబొట్టుగా దిగుతుంది. ఓపిక పట్టాలి. ఎస్ప్రెస్సోకు 25, 30 సెకన్లు చాలు. గింజలు మాత్రం రెండింటికీ అరకువే. అరకులోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మరోసారి వెళ్ళినప్పుడు అక్కడే కూర్చుని చూశాను. ఆమె దించిన కప్పు ఒకటి పది పన్నెండు సెకన్లకే నిండిపోయింది. వెంటనే పారబోసింది. నా ప్రాణం ఉసూరుమంది. "పొడి బరకగా పడింది తాతయ్యా, నీళ్ళు జారిపోయాయి" అని మర సరిచేసి మళ్ళీ దించింది. నేను ఎల్.డి.సి.గా చేరిన కొత్తలో, ఒక్క అక్షరం తప్పు పోయినా ఫెయిర్ కాపీ మొత్తం మళ్ళీ టైపు చేయించిన సూపరింటెండెంటు గారు గుర్తొచ్చారు.

నిరుడు మన సంఘం సమావేశంలో మనుమరాలు ఏం చేస్తోందని కొందరు అడిగితే "ప్రైవేటు కంపెనీలో ఉంది" అన్నాను. డిగ్రీ చదివిన పిల్ల కాఫీ కలుపుతోందని చెప్పడానికి నోరు రాలేదు. ఆ సమాధానాన్ని ఇందుమూలముగా రద్దు చేయడమైనది. ఆమె పనిని 'బరిస్టా' అంటారు.

మొన్న మా ఆవిడను కూడా తీసుకువెళ్ళాను. అలవాటు కొద్దీ "ఎస్ప్రెస్సో, వన్ బై టూ" అన్నాను. పిల్ల ఆ చిన్న కప్పు వైపోసారి, మా ఇద్దరి వైపోసారి చూసి, రెండు హౌస్ కాఫీలు తెచ్చింది.