అడవి అంచున దుబాసీ

కోయ, తెలుగు కలిసి మసిలే భద్రాచలం అడవి అంచుల్లో దుబాసీ విలువ వేరే చెప్పాలా? కంప్యూటరుకీ టెలిఫోనుకీ మధ్య అలాంటి దుబాసీయే మోడెం.

మన దేశంలో ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న జనానికి వచ్చింది. వచ్చిందంటే, ఇంటికి టెలిఫోను తీగ ఉన్నవాళ్ళకన్నమాట! ఖమ్మం దాటి అడవి దారి పడితే ఆ తీగే గగనం. 2002 డిసెంబరులో రిలయన్స్ సీడీఎంఏ ఫోన్లు వచ్చాక సెల్‌ఫోనే మోడెమయింది. వైరుతో కంప్యూటరుకి తగిలించి #777 డయల్ చేయడమే. యూజర్‌నేమూ, పాస్‌వర్డూ రెండూ మన ఫోను నంబరే!

టవరు అందాలి, అంతే. అందిన ఊళ్ళో ఇంటరు ఫలితం చూసుకోవడానికి ఆడపిల్ల బస్సెక్కి పట్నం పోవలసిన పని తప్పింది. నా మటుకు అసలు చరిత్ర అదేనండీ. ఇవాళ్టి హాట్‌స్పాట్ చేసేదీ ఆ దుబాసీ పనే, వైరొక్కటే పోయింది.