పాఠాల గంటను ఆటలకిచ్చిన బడులు

పదవ తరగతి డ్రిల్లు పీరియడును లెక్కల మాస్టారు తీసుకుంటే మనలో ఎంతమందిమి అభ్యంతరం చెబుతాము? చదువుకే మేలని ఊరుకుంటాము. ఈ నమ్మకాన్ని కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో అర్ధ శతాబ్దం క్రితమే పరీక్షకు పెట్టారు.

1970లో త్రువా రివియేర్ పట్టణంలోను, పోంరూజ్ పల్లెలోను హ్యూగ్ లవాలే, రాయ్ షెపర్డ్ ప్రభృతులు 546 మంది ప్రాథమిక విద్యార్థులపై పరిశోధన ఆరంభించారు. కొందరికి ఆరేళ్లపాటు బడిలో రోజూ గంటసేపు వ్యాయామం, అదీ శిక్షణ పొందిన వ్యాయామోపాధ్యాయుల చేత. ఆ గంట ఎక్కడిదనుకున్నారు? పాఠాల నుంచి తీసినదే. బోధన సమయం సుమారు 13 శాతం తగ్గింది. అవే బడులలో వీరికి ముందు, వెనుక తరగతులవారికి వారానికి 40 నిమిషాలే.

అయినా మార్కులు పడిపోలేదు. రెండవ తరగతి మొదలు వ్యాయామం చేసినవారివే కొంత మెరుగు. క్లాసు టీచరుకు దొరికిన విశ్రాంతి కూడా తోడ్పడి ఉండవచ్చు. కనుక వైద్యునిగా నేను ఘనతనంతా పరుగుకే కట్టబెట్టను.

2009లో స్వీడన్ పరిశోధకులు 1950–1976 మధ్య జన్మించిన 12 లక్షల మంది యువకుల సైనిక ప్రవేశ పరీక్షల వివరాలు పరిశీలించారు. గుండె, ఊపిరితిత్తుల దారుఢ్యం గలవారు బుద్ధి పరీక్షలలోను ముందున్నారు. కండబలంతో అంతటి సంబంధం కనిపించలేదు. 15, 18 ఏళ్ల మధ్య దారుఢ్యం పెరిగినవారికి 18వ ఏట మంచి ఫలితాలు వచ్చాయి. మన బడులలో డ్రిల్లు పీరియడు మాయమయ్యే వయసు సరిగ్గా అదే.