వెస్లీ అను పేరు

పెగడపల్లి నుండి ఒక కుటుంబము వేరొక ఊరికి పోయి స్థిరపడినయెడల, అచ్చటివారు వారిని పెగడపల్లివారని పిలుతురు. కొన్ని తరములకు అదియే యింటిపేరగును. మన యింటిపేర్లలో అనేకము ఈలాగు పుట్టినవే. మన సంఘములలో మీరు బిడ్డలకు పెట్టుచున్న వెస్లీ అను పేరును ఇంగ్లాండు దేశమున ఇట్లే పుట్టినది. పాత ఇంగ్లీషు భాషలో దాని అర్థము పడమటి పచ్చిక బయలు. అది మొదట ఊరి పేరు, పిమ్మట యింటిపేరు.

ఈ పేరు మన ప్రాంతమునకు రెండు త్రోవలను వచ్చినది. 1798లో గవర్నరు జనరలైన రిచర్డు వెల్లస్లీ ఆ యేటనే హైదరాబాదు నిజాముతో సంధి చేసెను. దానిచొప్పున కంపెనీ సైన్యమును తన ఖర్చుతో ఉంచుకొనుటకు నిజాము ఒప్పుకొనెను. ఆ వెల్లస్లీ కుటుంబమువారు పూర్వము తమ పేరును వెస్లీ అనియే వ్రాసికొనుచుండిరి.

రెండవ త్రోవ వేరు. 1703లో పుట్టిన జాన్ వెస్లీ అను బోధకుడు 1739 మొదలు ఆరుబయట నిలువబడి, బొగ్గుగని కూలీలకును బీదలకును బోధించెను. గుఱ్ఱముమీద ఊరూర తిరిగెను. మనుష్యులను బానిసలుగా అమ్ముట పాపమని 1774లో పుస్తకము వ్రాసెను. 1791లో మరణించెను. ఆయన హిందూ దేశమునకు ఎన్నడును రాలేదు. 19వ శతాబ్దపు చివరి భాగమున ఆయన మార్గస్థులైన మిషనరీలు నిజాము రాజ్యమునకు వచ్చి బడులును ఆసుపత్రులును పెట్టిరి. పాస్నెట్ దొరగారు కట్టించిన మెదకు దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. 1947లో ఆ సంఘములు దక్షిణ ఇండియా సంఘమునందు ఏకమాయెను.

మిషను ఆలాగు ఐక్యతలో కలిసిపోయినను, పేరు మన యిండ్లలో నిలిచెను. అయితే అక్కడి యింటిపేరు ఇక్కడ పిల్లవాని సొంత పేరాయెను. కాబట్టి మన వెస్లీకి ముందు తన తాతల ఊరి పేరును, వెనుక ఒక ఇంగ్లీషు ఊరి పేరును కలవు. ఇది సిగ్గుపడవలసినది కాదు, గర్వపడవలసినదియు కాదు.

తల్లులారా, తండ్రులారా, ఒకే పేరుగల యిరువురిలో ఒకరు రాజులతో సంధి చేసిరి, ఒకరు కూలీలయొద్దకు నడచిరి. పేరు ఎవరికైనను వచ్చును. నడవడి ఊరకనే రాదు. బాప్తిస్మపు పుస్తకములో వెస్లీ అని వ్రాయించిన నాడే మీ పని ముగియలేదు. బిడ్డకు తెలివి వచ్చినప్పుడు ఆ పేరుగల మనుష్యుడు ఎవరియొద్దకు వెళ్లెనో కూర్చుండబెట్టి చెప్పుడి. ఆ త్రోవను మీరు ముందు నడచినయెడల వాడు నమ్మును.